ఒకరిద్దరే గెలిచే క్లాసిక్ రేసును ఎలా చూడాలి

2023 నుంచి 2025 వరకు మూడు సీజన్లలో జరిగిన 15 మాన్యుమెంట్ సైకిల్ రేసుల్లో 13 రేసులను ఇద్దరే గెలుచుకున్నారు. స్లొవేనియాకు చెందిన తదేయ్ పొగాచార్ ఏడు గెలిస్తే, నెదర్లాండ్స్‌కు చెందిన మాథ్యూ వాన్ డెర్ పూల్ ఆరు గెలిచాడు. మిగిలిన రెండింటిలో 2023 నాటి లియేజ్ రేసు రెమ్కో ఎవెనెపూల్‌కు, 2024 నాటి మిలాన్–సాన్ రెమో యాస్పర్ ఫిలిప్సన్‌కు దక్కాయి. ఆ ఫిలిప్సన్ కూడా వాన్ డెర్ పూల్ జట్టువాడే. ఆ రోజు చివరి కిలోమీటర్లలో అతని కోసం కష్టపడినవాడు వాన్ డెర్ పూలే.

మాన్యుమెంట్లు అంటే ఒక్క రోజులో ముగిసే క్లాసిక్ రేసుల్లో అతి ప్రతిష్ఠాత్మకమైన ఐదు: మార్చిలో మిలాన్–సాన్ రెమో, ఏప్రిల్‌లో వరుసగా టూర్ ఆఫ్ ఫ్లాండర్స్, పారిస్–రూబే, లియేజ్–బాస్తోన్–లియేజ్, అక్టోబరులో ఇల్ లొంబార్దియా. అన్నీ వందేళ్లు దాటినవే, అన్నీ దాదాపు 240 నుంచి 300 కిలోమీటర్ల దూరం సాగేవే. ఇంత పొడవైన రేసులో గెలిచేది ఎవరో ఉదయమే తెలిసిపోతున్నట్టు ఉంటే ఆరు గంటలు ఎందుకు చూడాలన్న ప్రశ్న కొత్తగా ఈ ఆటవైపు వచ్చినవారికి కలగడం సహజం. విజేత ఎవరన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, మిగతావారికి గెలిచే దారి ఏ క్షణంలో మూసుకుపోయింది, ఎందుకు మూసుకుపోయింది అని వెతుకుతూ చూడడమే దానికి నా సమాధానం. ఆ క్షణం తరచుగా కెమెరా స్టార్ రైడర్ మీదికి వెళ్లకముందే గడిచిపోతుంది. దాన్ని పట్టుకోవడానికి ఏమేం గమనించాలో ఈ వ్యాసంలో వివరిస్తాను.

ముందుగా దారిని చదవండి

రేసుకు ముందు రైడర్ల పేర్ల కన్నా దారిని తెలుసుకోవడం ఎక్కువ ఉపయోగం. పొగాచార్ బరువు సుమారు 66 కిలోలు, వాన్ డెర్ పూల్ బరువు సుమారు 75 కిలోలు. పొడవైన ఎక్కుడు మీద తేలికైనవాడికి లాభం. చదును మీద, రాళ్లు పరిచిన బాట మీద, చివరి స్ప్రింట్‌లో మొత్తం బలం ఎక్కువ ఉన్నవాడికి లాభం. ఐదు మాన్యుమెంట్లూ ఈ రెండు కొసల మధ్య ఎక్కడో ఒకచోట నిలుస్తాయి.

మిలాన్–సాన్ రెమో దాదాపు 300 కిలోమీటర్లు. అందులో అధిక భాగం చదునైన దారి. ఫలితాన్ని తేల్చేవి చివర్లో వచ్చే రెండు ఎక్కుళ్లు: 5.6 కిలోమీటర్ల చిప్రెస్సా, 3.7 కిలోమీటర్ల పోజ్జో. రెండింటి సగటు వాలు నాలుగు శాతం దగ్గరే ఉంటుంది. అంత తక్కువ వాలు మీద రైడర్ల వేగం గంటకు 35 కిలోమీటర్లు దాటుతుంది. ఆ వేగంలో ముందున్నవాడి చాటున ఉన్నవాడికి గాలి తాకిడి బాగా తగ్గుతుంది కనుక, ఎంత బలవంతుడు దాడి చేసినా వెనక చక్రాన్ని వదలకుండా పట్టుకున్నవాడిని విడిపించుకోవడం చాలా కష్టం. 2025లో పొగాచార్ పోజ్జో దాకా ఆగకుండా చిప్రెస్సా మీదే దాడి చేశాడు. గుంపంతా చెదిరిపోయింది గానీ వాన్ డెర్ పూల్, ఇటలీ రైడర్ ఫిలిప్పో గాన్నా మాత్రం మిగిలారు. గాన్నా వెనకబడుతూ, మళ్లీ వచ్చి కలుస్తూ చివరిదాకా పోరాడాడు. స్ప్రింట్‌లో వాన్ డెర్ పూల్ గెలిచాడు, గాన్నా రెండోవాడు, పొగాచార్ మూడోవాడు. 2025 సీజన్ ముగిసేనాటికి పొగాచార్ ఎంత ప్రయత్నించినా చేజిక్కని రెండు మాన్యుమెంట్లలో ఇదొకటి. అందుకు కారణం అతని లోపం కన్నా ఆ నాలుగు శాతం వాలే.

ఫ్లాండర్స్‌లో లెక్క మారుతుంది. ఔడే క్వారెమోంట్ 2.2 కిలోమీటర్ల ఎక్కుడు, అందులో అధిక భాగం రాళ్ల బాట. ముందు నిటారుగా లేచి, తర్వాత చదును అనిపించే సన్నని వాలుగా చాలాసేపు సాగుతుంది. పాటర్‌బెర్గ్ 360 మీటర్లే గానీ 20 శాతం దాకా లేస్తుంది. మొదటిది నిలకడగా బలాన్ని పెట్టగలవాడికి, రెండోది ఒక్కసారిగా విజృంభించగలవాడికి అనుకూలం. 2023లోనూ 2025లోనూ పొగాచార్ ఒంటరిగా వెళ్లిపోయింది చివరిసారి ఎక్కిన క్వారెమోంట్ మీదే, పాటర్‌బెర్గ్ మీద కాదు. ఈ ఒక్క విషయం తెలిసి చూస్తే చివరి క్వారెమోంట్ ఎంత విలువైందో అర్థమవుతుంది. దాన్ని దాటేసరికి పొగాచార్ చక్రం వెనక ఇంకా ఎవరైనా ఉంటే రేసు ఎవరి పక్షమైనా కావచ్చు.

పారిస్–రూబేలో కొండలు లేవు. దాదాపు 55 కిలోమీటర్ల మేర ముక్కలు ముక్కలుగా రాళ్ల బాటలు ఉంటాయి. ఆరెన్‌బెర్గ్, మోన్స్-ఆన్-పెవెల్, కార్ఫూర్ ద లార్బ్ర అనే మూడింటికి అత్యధిక కాఠిన్యాన్ని సూచించే ఐదు నక్షత్రాలు ఇస్తారు. ఇక్కడ బరువు భారం కాదు, సైకిల్‌ను అదుపులో ఉంచే నేర్పు ప్రాణం. 2025 నాటికి ఏడుసార్లు సైక్లోక్రాస్ (బురద, గడ్డి నేలల మీద సాగే సైకిల్ పందెం) ప్రపంచ విజేత అయిన వాన్ డెర్ పూల్‌కు బురదలోనూ రాళ్ల మీదా చక్రం జారితే ఏం చేయాలో ఆలోచించనవసరం లేదు. 2023, 2024, 2025లో వరుసగా మూడుసార్లు గెలిచి ఆక్టేవ్ లాపిజ్, ఫ్రాంచెస్కో మోజెర్ సరసన చేరాడు. 2025లో తొలిసారి బరిలోకి దిగిన పొగాచార్ అతనితో సరిసమానంగా సాగుతూ, 38 కిలోమీటర్లు మిగిలి ఉండగా ఒక మలుపులో తిన్నగా వెళ్లి పడిపోయాడు. అయినా రెండో స్థానం నిలబెట్టుకున్నాడు.

లియేజ్, లొంబార్దియాల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అవి కొండలెక్కేవారి రేసులు. లియేజ్‌లో ముగింపుకు సుమారు 34 కిలోమీటర్ల ముందు వచ్చే లా రెడూట్ మీద పొగాచార్ 2024లోనూ 2025లోనూ వెళ్లిపోయాడు. లొంబార్దియాను 2021 నుంచి 2025 దాకా వరుసగా ఐదుసార్లు గెలిచాడు.

దీన్నంతా కలిపి చూస్తే, ఆధిపత్యం అని మనం ఒక్క మాటలో అంటున్నది నిజానికి రెండు వేర్వేరు రాజ్యాలు. ఇద్దరూ నిజంగా తలపడేది సాన్ రెమో, ఫ్లాండర్స్, 2025 నుంచి రూబేలలో మాత్రమే. సమయం తక్కువ ఉన్నవారు ముందుగా ఈ మూడింటినే ఎంచుకోవాలని నా సలహా.

మలుపుకు ముందే మొదలయ్యే రేసు

ఈ రేసుల్లో ఒక్కో జట్టుకు ఏడుగురు రైడర్లు ఉంటారు. కొత్త ప్రేక్షకుడు దాడి జరిగినప్పుడు కళ్లు పెద్దవి చేసి చూస్తాడు. అలవాటైనవాడు అంతకు పదిహేను నిమిషాల ముందే తెరకు దగ్గరగా జరుగుతాడు. క్వారెమోంట్‌కు వెళ్లే వెడల్పాటి రోడ్డును గమనించండి. ఎక్కుడు ఇంకా మొదలు కాలేదు, అయినా వేగం గంటకు 60 కిలోమీటర్లకు చేరుతుంది. ఒక్కో జట్టు తన నాయకుడిని వెనక దాచుకుని, సహాయకులను ముందు వరుసగా నిలిపి రోడ్డు అంచుల వెంట ముందుకు తోసుకొస్తుంది. భుజాలు రాసుకుంటాయి, ఎవరో ఒకరు కాలిబాట మీదికి ఎక్కేస్తారు. తర్వాత ఇరుకు దారిలోకి మలుపు. మొదటి పదిహేను మందిలో తిరిగినవాడు వేగం తగ్గకుండా ఎక్కుతాడు. యాభయ్యో స్థానంలో తిరిగినవాడు మలుపులో బ్రేకు వేయాలి, ముందువాడు తడబడితే తానూ ఆగాలి, ఆపై పోయిన వేగాన్ని ఆ నిటారు రాళ్ల మీద మళ్లీ తెచ్చుకోవాలి. కాళ్లలో శక్తి ఇద్దరికీ సమానంగా ఉన్నా పైకి చేరేసరికి వాళ్ల మధ్య పూడ్చలేనంత దూరం ఏర్పడుతుంది.

ఇది ఎంత తీవ్రమో 2024 ఫ్లాండర్స్ చూపించింది. వాన కారణంగా కొప్పెన్‌బెర్గ్ రాళ్లు జారుడుగా మారాయి. 22 శాతం దాకా లేచే ఆ ఎక్కుడు మీద వాన్ డెర్ పూల్ సీటు మీదే కూర్చుని, వెనక చక్రానికి పట్టు పోకుండా నిదానంగా తొక్కుకుంటూ వెళ్లాడు. అతని వెనక ఒక్కొక్కరి చక్రాలు ఉన్నచోటే తిరిగిపోయి, ఆగినవాడు వెనకవాడిని ఆపి, ప్రపంచస్థాయి రైడర్లు చాలామంది సైకిల్ దిగి చేత్తో తోసుకుంటూ నడిచారు. అప్పటికి ఇంకా దాదాపు 44 కిలోమీటర్లు ఉన్నాయి. వాళ్లకు గెలుపు దారి మూసుకుపోయింది ఆ నడకలోనే.

కనుక ఏ ముఖ్యమైన ఎక్కుడు లేదా రాళ్ల బాట రాబోతున్నా మూడు విషయాలు చూడండి: మీ అభిమాన రైడర్ ఎన్నో స్థానంలో ఉన్నాడు, అతని ముందు అతని జట్టువాళ్లు ఎంతమంది మిగిలారు, స్టార్ రైడర్ జట్టు వేగాన్ని పెంచుతోందా, ఊరుకుందా. స్టార్ జట్టు ఎక్కుడు మొదట్లోనే విపరీతంగా లాగుతుంటే, దాని ఉద్దేశం ప్రత్యర్థులను అలసటకు గురిచేయడం మాత్రమే కాదు, వాళ్ల సహాయకులందరినీ వదిలించడం కూడా. సహాయకులు లేని ప్రత్యర్థులు తర్వాత ఎందుకు చేతులెత్తేస్తారో కింద చెబుతాను.

ఇంకో ఎత్తుగడ కూడా కనిపిస్తుంది. స్టార్ రైడర్ జట్టువాడొకడు ఉదయమే ప్రధాన గుంపును విడిచి ముందుకు వెళ్లిన చిన్న గుంపులో, అంటే బ్రేక్‌అవేలో, కలిసిపోయి ఉంటాడు. అతను అక్కడ గెలవడానికి వెళ్లలేదు, ఎదురుచూడడానికి వెళ్లాడు. 2024లో జ్యూరిక్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ముగింపుకు 100 కిలోమీటర్ల ముందు పొగాచార్ ఒంటరిగా కదిలినప్పుడు చాలామంది అది తొందరపాటు అనుకున్నారు. ముందున్న గుంపులో ఉన్న సహచరుడు యాన్ త్రాత్నిక్ వెనక్కి వచ్చి అతన్ని తన చాటున లాక్కెళ్లాడు. బ్రేక్‌అవే పేర్ల జాబితాను ఉదయమే ఒకసారి చూసి పెట్టుకుంటే ఇలాంటివి మధ్యాహ్నం ఆశ్చర్యం కలిగించవు.

దాడి, ఆ తర్వాతి లెక్క

దాడి జరిగాక చాలామంది దాడి చేసినవాడినే చూస్తూ ఉండిపోతారు. నేను రెండు క్షణాలకే అతన్ని చూస్తాను: దాడి మొదలైనప్పుడు ఒకసారి, ఎక్కుడు పైకి చేరినప్పుడు ఇంకోసారి. మొదట్లో వచ్చే పది మీటర్ల తేడాకు పెద్ద విలువ లేదు, ఎవరైనా ఆ మాత్రం తెచ్చుకోగలరు. శిఖరం దాటాక, దారి చదునయ్యాక కూడా ఆ తేడా పెరుగుతూ ఉంటేనే అది నిజమైన దాడి. పొగాచార్ తరచూ సీటు మీద నుంచి లేవకుండానే వేగం పెంచుతాడు. చూసేవారికి ఏమీ జరగనట్టే ఉంటుంది, వెనకవాడి చక్రానికీ అతని చక్రానికీ మధ్య ఖాళీ మాత్రం మెల్లగా తెరుచుకుంటుంది. వాన్ డెర్ పూల్ ఎక్కువగా లేచి నిలబడి ఒక్కసారిగా పేలుతాడు. ఆ విజృంభణను కాచుకోవాలంటే వెనకవాడు ఆ క్షణంలోనే స్పందించాలి.

ఆ తర్వాత నుంచి వెనక గుంపును చూడండి. ఈ వ్యాసంలో నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇదే. ఒంటరివాడిని నలుగురు కలిసి ఎందుకు పట్టుకోలేరు? చదును దారి మీద నలుగురు వంతులవారీగా ముందుకొచ్చి గాలికి ఎదురు నిలిస్తే, ఒక్కడి కన్నా వేగంగా వెళ్లడం శాస్త్రం ప్రకారం తేలికే. 2025 ఫ్లాండర్స్‌లో పొగాచార్ వెనక మిగిలినవారు ఎవరంటే వాన్ డెర్ పూల్, వౌట్ వాన్ ఆర్ట్, మాడ్స్ పెడెర్సెన్, యాస్పర్ స్టోయ్వెన్. నలుగురిలో ఒక్కరూ తక్కువవారు కాదు. అయినా తేడా ఒక నిమిషానికి చేరింది. ఆ గుంపు లోపలి లెక్క చూడండి: పెడెర్సెన్, స్టోయ్వెన్ ఇద్దరూ ఒకే జట్టువారు, పెడెర్సెన్‌కు మంచి స్ప్రింట్ ఉంది. మిగతా ఇద్దరు ప్రాణం పెట్టి లాగితే, పొగాచార్‌ను పట్టుకోలేకపోయినా పెడెర్సెన్‌ను రెండో స్థానానికి తీసుకెళ్లి దించినట్టే అవుతుంది. లాగకపోతే పొగాచార్ వెళ్లిపోతాడు. దానికి తోడు అందరూ అప్పటికే పొగాచార్ వెనక క్వారెమోంట్ ఎక్కి కాలిపోయినవారు. చివరికి రెండో స్థానం పెడెర్సెన్‌కే దక్కింది.

ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు వెనక గుంపు విడిపోయే ఈ క్షణాన్ని గుర్తించడం నేర్చుకోవచ్చు. వంతు వచ్చినవాడు ముందు నిలిచే సేపు తగ్గుతుంది. మోచేయి ఆడించి పక్కకు తొలగుతాడు, వెనకవాడు ముందుకు రాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఆ చూపు ఒక్కసారి కనిపించిందంటే తేడా మరో పది సెకన్లు పెరగడం ఖాయం. ఒంటరివాడి సహచరుడు ఆ గుంపులో ఉంటే పరిస్థితి ఇంకా దిగజారుతుంది, అతను ఒక్క వంతు కూడా తీసుకోనవసరం లేదు. 2024 రూబేలో వాన్ డెర్ పూల్ దాదాపు 60 కిలోమీటర్లు ఒంటరిగా సాగి మూడు నిమిషాల తేడాతో గెలిచాడు. వెనక గుంపులో కూర్చుని స్ప్రింట్‌లో రెండో స్థానం తీసుకున్నది అతని సహచరుడు ఫిలిప్సనే. అతన్ని రేసు ముగిసే వెలోడ్రోమ్ (సైకిల్ ట్రాక్ ఉన్న మైదానం) దాకా మోసుకెళ్లడం ఇష్టం లేనివారు ఎంత మనస్ఫూర్తిగా తరుముతారు?

ఇంత దూరం ఒంటరిగా సాగడం ఒకప్పుడు ఆత్మహత్యాసదృశంగా భావించేవారు. అది మారడానికి తిండి ఒక ప్రధాన కారణం. గంటకు 60 గ్రాముల పిండిపదార్థం సరిపోతుందని భావించిన కాలం పోయి, ఇప్పుడు 100 నుంచి 120 గ్రాముల దాకా జీర్ణం చేసుకునేలా రైడర్లు శరీరానికి శిక్షణ ఇస్తున్నారు. దాంతో ఆరో గంటలో శక్తి ఒక్కసారిగా హరించుకుపోయే ప్రమాదం తగ్గింది. ఒంటరిగా వెళ్తున్న స్టార్ జేబులోంచి జెల్ తీసి తాగడం కనిపించినప్పుడు అది బలహీనత అనుకోకండి. తినడం మర్చిపోయినవాడి గురించే ఆందోళన పడాలి.

స్టార్లు ఎలా ఓడతారు

ఆధిపత్యాన్ని అర్థం చేసుకోవాలంటే అది విఫలమైన రోజులను తిరిగి చూడడం అవసరం. 2025 ఆమ్‌స్టెల్ గోల్డ్ రేసులో సుమారు 40 కిలోమీటర్లు ఉండగా పొగాచార్ ఒంటరివాడయ్యాడు. అంతా అయిపోయిందనుకున్న చోట ఎవెనెపూల్, డెన్మార్క్ రైడర్ మాటియాస్ షెల్మోసే చేయి చేయి కలిపి తరిమి, చివరి పది కిలోమీటర్లలోపు అతన్ని పట్టుకున్నారు. ముగ్గురి స్ప్రింట్‌లో గెలిచింది షెల్మోసే. ఇద్దరికీ పొగాచార్‌ను పట్టుకోవడం తప్ప మరో దారి లేదు, వెనక ఆశ పెట్టుకోవడానికి సహచరులు లేరు. అందుకే వంతులు తప్పలేదు. తరిమేవారు ఇద్దరే అయితే లెక్కలు తక్కువ, పని ఎక్కువ అన్న విషయం ఇక్కడ గమనించాలి.

బలం ఎక్కువై ఓడిన రోజులూ ఉన్నాయి. 2025 డ్వార్స్ డోర్ ఫ్లాండెరెన్‌లో నలుగురు ముందుండగా ముగ్గురు ఒకే జట్టువారు: వాన్ ఆర్ట్, మాటియో యోర్గెన్‌సన్, టీష్ బెనోట్. నాలుగోవాడు అమెరికాకు చెందిన నీల్సన్ పౌలెస్. ఒకరి తర్వాత ఒకరు దాడి చేసి అతన్ని అలసిపోయేలా చేయకుండా, ఆ జట్టు వాన్ ఆర్ట్ స్ప్రింట్ మీదే భారమంతా వేసింది. పౌలెస్ అతన్ని స్ప్రింట్‌లోనే ఓడించాడు. 2022 ఫ్లాండర్స్ కథ వేరు: పొగాచార్, వాన్ డెర్ పూల్ ఇద్దరే చివరి కిలోమీటరుకు చేరి, ఒకరినొకరు కాచుకుంటూ వేగం తగ్గించేశారు. వెనక నుంచి డైలాన్ వాన్ బార్లే, వాలెంటిన్ మదువా వచ్చి కలిశారు. వాన్ డెర్ పూల్ గెలిచాడు గానీ మధ్యలో ఇరుక్కుపోయిన పొగాచార్ నాలుగో స్థానానికి పడిపోయాడు. ఇద్దరు స్టార్లు కలిసి ముగింపు గీత దగ్గరకు వస్తున్నప్పుడల్లా తెర మీద మూడోవాడి దూరాన్ని చూస్తూ ఉండాలి.

ఇక పంక్చర్లు, పడిపోవడాలు. 2023 రూబేలో కార్ఫూర్ ద లార్బ్ర మీద వాన్ ఆర్ట్ టైరు గాలి పోయింది. వాన్ డెర్ పూల్‌తో సరితూగిన ఏకైక రైడర్‌కు పోటీ అక్కడే ముగిసింది. అదృష్టం అని ఒక్క మాటలో దాటేయడం నాకు సమ్మతం కాదు. ముందున్నవాడు రాళ్ల బాట నడుమ గట్టు మీద తనకు నచ్చిన గీత ఎంచుకుంటాడు, వెనకవాడికి ముందువాడి వీపు తప్ప ఏమీ కనబడదు. పంక్చర్లు ఎవరికైనా రావచ్చు, కానీ వెనక ఉన్నవారికి ఎక్కువగా వస్తాయి.

గతంతో పోల్చేటప్పుడు

ఎడ్డీ మెర్క్స్ 19 మాన్యుమెంట్లు, రోజర్ డి వ్లామింక్ 11 గెలిచారు. 2025 సీజన్ ముగిసేనాటికి పొగాచార్ ఖాతాలో 10, వాన్ డెర్ పూల్ ఖాతాలో 8 ఉన్నాయి. ఐదింటినీ గెలిచినవారు చరిత్రలో ముగ్గురే, ముగ్గురూ బెల్జియన్లే: మెర్క్స్, డి వ్లామింక్, రిక్ వాన్ లోయ్. కానీ ఈ సంఖ్యలను నేరుగా పక్కపక్కన పెట్టడం కన్నా, ఇటీవలి గతంతో పోలిస్తే తేడా బాగా తెలుస్తుంది. 2016 నుంచి 2019 దాకా నాలుగేళ్లూ ఏ ఏడాది చూసినా ఐదు మాన్యుమెంట్లకు ఐదుగురు వేర్వేరు విజేతలు. మొత్తం 20 రేసులకు 17 మంది విజేతలు. 2016లో రూబే గెలిచిన ఆస్ట్రేలియన్ మాథ్యూ హేమన్ ఉదయం బ్రేక్‌అవేలో వెళ్లి, చివరిదాకా నిలిచి, టామ్ బోనెన్ లాంటివాడిని వెలోడ్రోమ్‌లో ఓడించాడు. 2023 నుంచి 2025 వరకు 15 రేసులకు నలుగురే విజేతలు.

అందుచేత ఇప్పుడు చూస్తున్నది ఎప్పుడూ ఇలాగే ఉండే విషయం కాదు, ఎప్పటికీ ఇలాగే ఉంటుందని అనుకోవడానికీ ఆధారం లేదు. మంచి అవగాహన కావాలంటే 2016 రూబే చివరి గంటను, 2024 రూబే చివరి గంటను వరుసగా చూడండి. రాళ్లు అవే, బాటలు దాదాపు అవే. వెనకవాళ్లు తరిమే తీరులో ఉన్న తేడా చాలు.

మహిళల రేసులను కూడా ఇదే పద్ధతిలో, అంతే శ్రద్ధతో చూడాలి. 2025లో వారి నాలుగు మాన్యుమెంట్లకు నలుగురు వేర్వేరు విజేతలు: సాన్ రెమోలో లొరెనా వీబెస్, ఫ్లాండర్స్‌లో మూడోసారి లొట్టె కొపెకీ, రూబేలో పోలీన్ ఫెరాన్-ప్రెవో, లియేజ్‌లో మారిషస్‌కు చెందిన కిమ్ లె కోర్. వీబెస్, కొపెకీ ఒకే జట్టువారు కావడంతో ఒకరు దాడి చేసినప్పుడు రెండోవారు వెనక గుంపులో ఏం చేస్తున్నారన్నది పురుషుల రేసు కన్నా అక్కడ ఎక్కువ ఆసక్తిగా ఉంటుంది. ఫ్లాండర్స్, లియేజ్ మహిళల రేసులు పురుషుల రేసులు జరిగే రోజునే ఉంటాయి. 2025లో రూబే మహిళల రేసు శనివారం, పురుషుల రేసు ఆదివారం జరిగాయి. ఆ ఏడాది శనివారం ఏ రాళ్ల బాట మీద గుంపు విడిపోయిందో గుర్తుపెట్టుకున్నవారికి, ఆదివారం ఆ బాట రావడానికి పది కిలోమీటర్ల ముందే ఏ జట్లు ముందుకు కదులుతున్నాయో గమనించడం సులువైంది.